నిజంగానే స్లో

కొత్త కంప్యూటర్‌కు బొట్టు ఎక్కడ పెట్టాలన్నదే మొదటి సమస్య అయింది. మానిటర్‌కు పెడితే తెర మీద మరక పడుతుందని, కీబోర్డుకు పెడితే మీటలు అతుక్కుంటాయని కర్నూలు నుంచి వచ్చిన మెకానిక్ తన్వీర్ చెప్పాడు. శివశంకర్ పొద్దున్నే బీచుపల్లి ఆంజనేయుడి గుడికి పోయి తెచ్చిన సిందూరం వేలి మీద పట్టుకుని కాసేపు ఆలోచించాడు. చివరికి బల్ల కిందున్న నల్ల పెట్టెకు, గాలి పోయే చిల్లుల పైన అద్దాడు. కొబ్బరికాయ గడప బయట కొట్టాడు. నిమ్మకాయ కోసి చెరో పక్కన పెట్టమని ఇరమ్‌కు ఇచ్చాడు. కంప్యూటర్‌కు దిష్టి తగలకుండా చూడటం కూడా ఉద్యోగంలో భాగమేనని వనపర్తి పాలిటెక్నిక్‌లో ఎవరూ చెప్పలేదు. ఇరమ్ ఆ చెక్కలను ఫ్యాను గాలి తిరిగే దారి వదిలి, కొంచెం దూరంగా పెట్టింది.

గద్వాలలో మార్కెట్ యార్డు వెనక సందులో, రేకుల గోదాముకు ఆనుకుని ఉన్న ఒక్క గది ఆ ఆఫీసు. శివశంకర్ పత్తి విత్తనాల ఆర్గనైజర్. హైదరాబాదు కంపెనీ ఇచ్చే ఆడ విత్తనాలు, మగ విత్తనాలు రైతులకు పంచుతాడు. వాళ్ళు ఆడ పువ్వుకు మగ పుప్పొడి చేత్తో రుద్ది, అంటే క్రాసింగ్ చేసి పండించిన విత్తనాన్ని సంచులకెత్తి కంపెనీకి పంపుతాడు. మధ్యలో ఉండే కాగితమంతా ఇరమ్ పని. అందులో పెద్ద పని ఏప్రిల్‌లో వస్తుంది. ఒక్కో రైతు విత్తనం నుంచి తీసిన శాంపిల్‌ను హైదరాబాదులో నాటి చూస్తారు. నూటికి తొంభై మొక్కలు అసలు రకానివి వస్తే పాస్, రాకపోతే ఫెయిల్. ఆ ఫలితాల ఫైలును ప్రోగ్రాంలోకి ఎక్కించి, రైతుకో రిజల్ట్ చీటీ కొట్టి ఇవ్వాలి.

పాత కంప్యూటర్ మీద ఫైలు ఎక్కించడమంటే పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి సగం కూడా చూడకపోవడం. ఒక పక్క వైరస్ వెతికే ప్రోగ్రాం తిరుగుతుంటే ఇంకో పక్క మౌసు బాణం కదిలేది కాదు. ప్రింటు ఇస్తే ఫైలు ఆగేది. ఫైలు కదిలితే ప్రింటరు ఆగేది. రెండేళ్ళుగా ఇరమ్ రైతులకు చెప్పే మాట ఒక్కటే: కంప్యూటర్ స్లో ఉంది, రెండు రోజులాగి రండి. వాళ్ళు వచ్చేవాళ్ళు. మళ్ళీ అదే మాట చెప్పేది. అందులో అబద్ధం లేదు గనుక గొంతు కూడా తడబడేది కాదు.

కొత్తదాన్ని కంపెనీయే పంపింది. చీటీలు లేటవుతున్నాయని పై నుంచి ఎవరో అడిగారట. తన్వీర్ తీగలన్నీ కలిపి, తెర మీద ఒక చిన్న కిటికీ తెరిచి చూపించాడు. అందులో నాలుగు గళ్ళు, ఒక్కో గడిలో పని పడితే పైకి లేచే ఒక్కో పచ్చగీత. లోపల మెదళ్ళ లాంటివి నాలుగు కోర్లున్నాయని, గద్వాలలో ఇంకెవరి దగ్గరా ఇట్లాంటిది లేదని గొప్పగా చెప్పాడు.

"నాలుగు కోర్లంటే నాలుగింతల స్పీడా?" అని శివశంకర్ అడిగాడు.

తన్వీర్ అవునని తలూపాడు. మెకానిక్‌లు అన్నిటికీ అవునంటారు. ఇరమ్‌కు ఊరుకోబుద్ధి కాలేదు.

"నాలుగింతలు కాదు సార్. క్రాసింగ్ తీరు అనుకోండి. ఒక పువ్వుకు ఒకటే చెయ్యి కావాలె. నలుగురు ఆడోళ్ళు పోయి ఒకటే పువ్వు పట్టుకుంటే పని జల్ది కాదు, పువ్వు రాలిపోతది. నలుగురు నాలుగు సాళ్ళకు పోతేనే జల్ది. మన చీటీల ప్రోగ్రాం ఒక కోరు మీదనే నడుస్తది, దాని స్పీడు దానిదే. కాకపోతే వైరస్ చూసేది ఒక సాలు, మెయిల్ ఒక సాలు, ప్రింటు ఒక సాలు పట్టుకుంటయి. ఒకదానికి ఒకటి అడ్డం రావు."

శివశంకర్‌కు ఆ పోలిక బాగా నచ్చింది. ఆ పూటంతా వచ్చిన ప్రతి మనిషికీ తన కంప్యూటర్‌లో నలుగురు కూలోళ్ళున్నారని చెప్పాడు. ఇరమ్‌కు కూడా కొంచెం గర్వంగానే అనిపించింది. మూడేళ్ళ చదువులో మొదటిసారి ఒక ముక్క పనికొచ్చింది.

*

మర్నాడు శివశంకర్ రాయచూరు పోయాడు. పది గంటలకే రేకుల కింద నీడ పల్చబడింది. ఇరమ్ తలుపు తీసేసరికి ఐదారుగురు రైతులు గోదాము అరుగు మీద కూర్చుని ఉన్నారు. గోదాము చూసే తిమ్మప్ప వాళ్ళకు కుండలోంచి నీళ్ళు ముంచి ఇస్తున్నాడు. రాయచూరు దిక్కు మనిషి ఆయన. అరవై దాటాయి. ఇరమ్‌ను తాయి అని పిలుస్తాడు, వాళ్ళ వైపు అమ్మను పిలిచినట్టు.

కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక పని తనంతట తనే మొదలైంది. ఆఫీసు మెయిల్‌ను తన్వీర్ నేరుగా దీంట్లోకే పెట్టి పోయాడు. అది కంపెనీ నుంచి వచ్చిన పాత మెయిళ్ళన్నీ ఒకటొకటిగా దించుకుంటోంది. ఇంకో పక్క వైరస్ వెతికేది తిరుగుతోంది. ఇరమ్ నాలుగు గళ్ళ కిటికీ తెరిచి పక్కన పెట్టుకుంది. రెండు గీతలు పైకి లేచి ఉన్నాయి, రెండు కింద పడుకుని ఉన్నాయి. మౌసు బాణం మాత్రం వెన్న మీద పోయినట్టు పోతోంది.

పదిన్నరకు కొత్త మెయిల్ వచ్చింది. మూడో విడత ఫలితాలు, రెండు వందల పన్నెండు మంది రైతులు. తేదీ ఈరోజుదే.

ఇరమ్ చేయి ఆగింది. ఫలితాల ఫైలు ఆమె ఎప్పుడూ మెయిల్‌లో చూడలేదు. శివశంకర్ తన ఇంట్లో దించుకుని పెన్ డ్రైవ్‌లో తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడే వచ్చిందమ్మా, పెద్ద ఫైలు, మన నెట్టుకు దిగేసరికి తాతలు దిగొచ్చిన్రు అనేవాడు. చీటీ మీద ప్రయోగశాల వాళ్ళు వేసిన తేదీ వారం పది రోజుల కిందటిది ఉండేది. హైదరాబాదులో కూడా కంప్యూటర్లు స్లో అనుకునేది ఆమె.

కిందికి జరిపి చూసింది. పోయిన ఏడు ఏప్రిల్ తొమ్మిదిన ఒకటి, పదహారున ఒకటి. అంతకు ముందు ఏడు కూడా అట్లాగే. చీటీల నకళ్ళ కట్ట బీరువాలోంచి తీసి పక్కన పెట్టుకుని ఒకటొకటి సరిచూసింది. చీటీ మీద ఏ తేదీ ఉందో మెయిల్ ఆ తేదీనే వచ్చింది, ఒక్క రోజు కూడా తేడా లేదు. కట్ట మళ్ళీ కట్టి, లోపల పెట్టి, గ్లాసు నీళ్ళు తాగింది.

చీటీ కింద సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఫలితం మీద నమ్మకం లేని రైతు ఈ తేదీ నుంచి ఏడు రోజుల్లోపు మళ్ళీ టెస్టు కోరవచ్చు. అందుకోసమే శాంపిల్ రెండు సంచుల్లో తీస్తారు. ఒకటి హైదరాబాదు పోతుంది. రెండోది లక్క సీలేసి, రైతు వేలిముద్రతో ఇక్కడే బీరువాలో ఉంటుంది. ఇరమ్ ఆ వాక్యాన్ని కొన్ని వేలసార్లు ప్రింటు తీసింది. ఆ రెండో సంచి బీరువా దాటి పోవడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఏడు రోజులు ఎప్పుడూ అయిపోయే ఉండేవి. ఫెయిలైన విత్తనాన్ని రైతు ఇంటికి తీసుకుపోయి ఏం చేసుకుంటాడు? పత్తిగింజల రేటుకు శివశంకరే తీసుకునేవాడు. ఆ సంచులు గోదాము వెనక గుమ్మంలోంచి పోయేవి. ఎక్కడికని, ఏ రేటుకని ఆమె అడగలేదు, అది కాగితం పని కాదు గనుక.

ఫైలు ఎక్కించింది. మూడో గీత లేచింది. నలభై నిమిషాల్లో రెండు వందల పన్నెండు పేర్లూ తెర మీద ఉన్నాయి. ప్రింటరు గరగరా మొదలుపెట్టింది. నాలుగో గీత కూడా కొంచెం కదిలింది.

చీటీలు పంచడానికి ఇరమ్ ఎవరి అనుమతీ అడగలేదు. అడగాలని ఏ రూలూ లేదు. చీటీలు తయారైతే ఇచ్చెయ్యమనే శివశంకర్ ఎప్పుడూ చెప్పేవాడు.

నాలుగో చీటీ జములమ్మది. మల్దకల్ దిక్కు మనిషి, ఎకరంన్నర కౌలుకు పట్టింది. పేరు పిలవగానే కొంగు సరిచేసుకుని లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆమె కుడి బొటనవేలి గోరు మిగతా వాటికంటే పొడుగ్గా, నల్లగా ఉంది. సాయంత్రాలు పత్తి మొగ్గను ఆ గోటితోనే చీల్చి లోపలి మగ పుప్పొడి గీకెయ్యాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. మూడు నెలలు, రోజుకు వెయ్యి మొగ్గలు. సీజను అయిపోయి నాలుగు నెలలైనా ఆ నలుపు పోలేదు.

"ఎనభై ఎనిమిది వచ్చింది అత్తా," అంది ఇరమ్.

జములమ్మ చీటీ వైపు వంగింది. "తొంభై రావాలె గదా."

"రావాలె."

"రెండు తక్కువైనయి."

ఇరమ్ మానిటర్‌ను ఆమె వైపు తిప్పింది. అంకెను వేలితో చూపించింది. జములమ్మ తెరను కాదు, ఇరమ్ ముఖాన్ని చూసింది.

"మళ్ళ టెస్ట్ చెయ్యమని అడగొచ్చు అత్తా. నీ రెండో సంచి ఈడనే ఉన్నది. ఏడు దినాలల్ల అడగాలె."

"గా ఏడు దినాలు అయిపోయుంటయి తీయ్. ఎప్పుడూ అయిపోయినయనే అంటరు. పోయినేడు మా మరిది శ్రీశైలంకు అట్లనే అయిపోయినయి. నువ్వే చెప్పినవ్ బిడ్డా."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. వాన గురించి చెప్పినట్టు చెప్పింది. ఇరమ్ చీటీ మీద తేదీ కింద గోటితో గీత గీసింది.

"అయిపోలే. ఇయ్యాలటి తారీకే ఇది. ఇయ్యాలనే మొదలు."

తిమ్మప్ప బీరువా తీసి తెల్లగుడ్డ సంచుల్లో వెతికాడు. అడుగు నుంచి నాలుగో వరసలో దొరికింది. లక్క చెక్కు చెదరలేదు. ఇరమ్ తెల్లకాగితం మీద అర్జీ రాసింది. జములమ్మ వేలిముద్ర వేస్తే గీతలు పడలేదు. నల్లటి గుండ్రటి మరక మాత్రం పడింది. గోరు అడ్డం రాకుండా వేలు పక్కకు వంచి ఇంకోసారి వేసింది. తిమ్మప్ప సంచిని రెండు చేతులా పట్టుకుని ఇరమ్ బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఏండ్లల్ల మొదటి సంచి తాయి ఇది," అన్నాడు మెల్లగా.

సాయంత్రం దాకా ముప్పై ఒక్కమంది చీటీలు తీసుకున్నారు. తొమ్మిదిమంది ఫెయిల్. మళ్ళీ టెస్టు సంగతి ఇరమ్ అందరికీ చెప్పింది. ఇంట్లో అడిగి చెప్తామని కొందరు, శంకర్ సార్ రానీ అని కొందరు అన్నారు. పోయేముందు జములమ్మ గడప దగ్గర ఆగింది. కొత్త కంప్యూటర్‌ను, దాని సిందూరం బొట్టును చూసి, రెండు చేతులూ ఎత్తి పెట్టెకు దండం పెట్టింది. ఇరమ్‌కు నవ్వొచ్చింది.

ఇంటికి పోయాక అక్తర్ బేగం కూతురి ముఖం చూసి జీతం పెరిగిందా అని అడిగింది. లేదని చెప్పి, ఇరమ్ ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువే తింది.

*

బుధవారం శివశంకర్ పదింటికే వచ్చాడు. కోపంగా లేడు. రాయచూరు నుంచి తెచ్చిన మైసూర్‌పాకు పొట్లం బల్ల మీద పెట్టి ఇరమ్‌ను, తిమ్మప్పను తీసుకోమన్నాడు. దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాడు. ఆ తర్వాత తన కుర్చీలో కూర్చుని జములమ్మ సంచిని ఇరమ్ బల్ల మీంచి తన బల్ల మీదికి తెప్పించుకున్నాడు. లక్క సీలును బొటనవేలితో రెండుసార్లు నిమిరాడు.

"ఎంతమందికి ఇచ్చినవమ్మా చీటీలు?"

"ముప్పై ఒక్కమందికి సార్."

"మళ్ళ టెస్ట్ అడిగినోళ్ళు?"

"ఈమె ఒక్కతే."

ఆయన తలూపాడు. తిమ్మప్పను టీ తెమ్మని పంపాడు. టీ కొట్టు బస్టాండు దాకా పోవాలి.

"నువ్వు తప్పేం చెయ్యలే," అన్నాడు. "కంప్యూటర్ జల్ది పని చేసింది, నువ్వు జల్ది ఇచ్చినవ్. స్లో ఉన్నప్పుడు స్లో ఉన్నదని చెప్పినవ్. రెండేండ్లల్ల నీ నోట్లకెల్లి నేను ఒక్క అబద్ధం రానియ్యలే. రానిచ్చిన్నా?"

ఆలోచిస్తే అది నిజమే. అబద్ధం చెప్పించకుండా అబద్ధం నడిపించడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఇప్పుడు కనబడుతోంది. మెయిల్ ఇంట్లో, పెన్ డ్రైవ్ జేబులో, మధ్యలో ఏమీ తెలియని ఒక డిప్లొమా పిల్ల.

"నేను శనివారం ఒక్కపొద్దుండెటోన్ని. నా ఆఫీసుల కూసొని ఒక ఆడపిల్ల అబద్ధం చెప్తె ఆ పాపం నాకే. అందుకే అడుగుతున్న. దీన్ని మళ్ళ పాతదాని లెక్క చేసెటందుకు అయితదా?"

"ఏం చేసుడు సార్?"

"స్లో. నిజంగనే స్లో కావాలె. అప్పుడు నువ్వు స్లో ఉన్నదంటే నిజమే చెప్పినట్టైతది. రేపు కంపెనీ ఆయన వచ్చి నీ పక్కన కూసున్నా కండ్లతోని చూసిపోతడు."

ఆయన వేళాకోళమాడటం లేదు. ముఖం నిజంగానే నెమ్మదిగా, భక్తిగా ఉంది.

"గట్ల తీసేసెటందుకు రాదు సార్. కోర్లు లోపల ఉంటయి."

"నువ్వే చెప్పినవ్ గదమ్మా నలుగురు కూలోళ్ళని. ముగ్గురిని ఇంటికి పంపు. ఒక్కామెతోనే అన్ని సాళ్ళు చేయించు."

సోమవారం తను చెప్పిన పోలిక ఇట్లా తిరిగొస్తుందని ఆమె అనుకోలేదు. కాదనడానికి ఒక మాట వెతికింది. ఉద్యోగం మానేస్తాననే మాట గొంతు దాకా వచ్చింది. ఆయన ఆ మాట ముందే విన్నట్టు సంచిని బల్ల మీద కొంచెం తన వైపు జరుపుకున్నాడు.

"ఈ సంచి రేపు పొద్దున ఏడింటి బస్సుకు హైదరాబాదు పోవాలె. ఏడు దినాలల్ల ముట్టకపోతే ఆమె అర్జీ చెల్లదు. నేను ఇయ్యాల సంతకం పెడితేనే పోతది. ఒక్క సంచి పోతే నాకేం కాదు ఇరమ్. పోనీ పాపం, ఆమెకు మేలు కానీ. అందరి సంచులు పోతేనే పరేషానీ."

"నేను చెయ్యనంటే సార్?"

"నువ్వు చెయ్యకుంటే తన్వీర్ చేస్తడు. కని సంచి మాత్రం ఈడనే ఉంటది."

తన్వీర్‌కు చేయడం రాదు. అది ఇరమ్‌కు తెలుసు. ఆఖరి సంవత్సరం ల్యాబులో ఎవరూ అడగని ప్రశ్నకు జవాబుగా ఆ చిట్కా నేర్చుకున్నది తనొక్కతే. అసలు విషయం అది కాదు. బల్ల మీద ఉన్నది ఒక పిడికెడు విత్తనాల సంచి. దాని మీద గీతలు పడని ఒక వేలిముద్ర ఉంది. ఆయన పెన్ను క్యాపు తీసి పట్టుకుని ఉన్నాడు.

"ముందు సంతకం పెట్టండి," అంది.

ఆయన పెట్టాడు. తేదీ కూడా వేశాడు, గుండ్రటి అక్షరాలతో.

ఇరమ్ తన కుర్చీలో కూర్చుంది. రన్ అన్నచోట ఒక పదం కొట్టింది. కంప్యూటర్ ఎట్లా లేవాలో చెప్పే పేజీ తెరుచుకుంది. లోపలి పేజీలో ఎన్ని ప్రాసెసర్లు వాడాలన్న చోట చిన్న గడి ఉంది. టిక్కు పెట్టి, నాలుగును ఒకటి చేసింది. ఓకే నొక్కింది. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. పక్కన పెట్టుకునే కిటికీ తెరిస్తే అందులో ఇప్పుడు ఒక్క గడే ఉంది, వెడల్పుగా, ఖాళీగా. మొదటి ప్రయత్నంలోనే పని చేసినందుకు ఒక్క క్షణం లోపల సంతోషం కలిగింది. అదేం పాపిష్టి అలవాటో ఆమెకే అర్థం కాలేదు.

శివశంకర్ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. నిన్నటి ఫైలునే మళ్ళీ ఎక్కించమన్నాడు. వైరస్ వెతికేది కూడా నడిపించమన్నాడు. మౌసు బాణం ఆగి ఆగి కదలసాగింది. ఒక్క గడిలోని గీత పైకప్పుకు అతుక్కుపోయింది. ఆయన చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఫైలు ఎంత ఎక్కిందో చూపించే నీలం గీత అంచుకు చేరేసరికి గంటా యాభై నిమిషాలైంది.

"గింతేనా?" అన్నాడు. దిగులుగానే అడిగాడు.

ఈ నాలుగింట్లో ఒక్కటే పాతదానికంటే బలమైనదని, ఇంతకంటే తగ్గదని ఇరమ్ చెప్పింది. ఆయన వైరస్ వెతికేదాన్ని రోజంతా నడిపించమన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎట్లాగూ కరెంటు పోతుంది గనుక, అది పోయినప్పుడు ఫైలు ఆపేసి మర్నాడు పొద్దున మొదటి నుంచి ఎక్కించమన్నాడు. మెయిల్ మళ్ళీ తన ఇంట్లోనే చూసుకుంటానన్నాడు. ఇరమ్ దాన్ని తీసేసింది. దించుకున్న పాత మెయిళ్ళు కూడా పోయాయి, రెండేళ్ళ తేదీలూ ఒకేసారి.

తిమ్మప్ప ఎప్పుడో తెచ్చి పెట్టిన టీ బల్ల మీద చల్లారిపోయి ఉంది.

*

మాట ప్రకారం సంచి పోయింది. గురువారం పొద్దున ఏడింటి బస్సులో తనే డ్రైవరు సీటు పక్కన పెట్టి, రసీదు తీసుకున్నానని తిమ్మప్ప చెప్పాడు. రసీదు చూపించాడు కూడా. ఇరమ్ దాన్ని రెండుసార్లు చదివింది. ఇది ఒక్కటైతే నిజం అనుకుంది.

శివశంకర్ వచ్చి పెన్ డ్రైవ్ ఇచ్చాడు. నాలుగో విడత, ఆరు వందల మంది. నాలుగు విడతల్లోనూ పెద్ద ఫైలు ఇదే. అందులో తేదీ నిన్నటిదని చూసింది, మెయిల్ తీసేశాక వచ్చినట్టుంది. అంటే ఒక రోజు అప్పుడే పోయింది, ఇంకా ఆరున్నాయి. తొమ్మిదిన్నరకు ఎక్కించడం మొదలుపెట్టింది. వైరస్ వెతికేది నడుస్తూనే ఉంది. కంపెనీ ఆయన పదింటికి కారులో వచ్చాడు. ఇరమ్ పక్కన పావుగంట కూర్చున్నాడు. నీలం గీత చీమలా పాకడం చూశాడు, నిమ్మరసం తాగాడు, కొత్తది కూడా ఇంతేనా అన్నాడు. డేటా ఎక్కువ సార్ అని శివశంకర్ చెప్పాడు. అది కూడా నిజమే.

పన్నెండున్నరకు అరుగు నిండింది. మంగళవారం చీటీలు వెంటనే ఇచ్చారన్న మాట ఊళ్ళకు పోయినట్టుంది. ఇరవై మంది దాకా వచ్చారు. చేతిసంచులు, నీళ్ళ సీసాలు, తలకు చుట్టుకున్న తువ్వాళ్ళు. వాళ్ళ ముందు జములమ్మ, ఆమె పక్కన సన్నగా పొడుగ్గా ఒక మనిషి. ఇరమ్ గుర్తుపట్టింది. పోయినేడు ఏడు రోజులు అయిపోయిన శ్రీశైలం.

జములమ్మ లోపలికి వచ్చి కొంగు ముడి విప్పి నాలుగు పచ్చి మామిడికాయలు బల్ల మీద పెట్టింది. రెండు ఇరమ్‌కు, రెండు కంప్యూటర్‌కు అంది. బయట ఎవరో నవ్వారు. సంచి పోయిందా బిడ్డా అని అడిగింది. పోయిందని ఇరమ్ రసీదు చూపించింది. జములమ్మ దాన్ని ముట్టుకోకుండా చూసి తలూపింది.

శ్రీశైలం బల్లకు దగ్గరగా వచ్చాడు. అతని నంబరు నూట ఎనిమిది. తెర మీద అది అప్పటికే ఎక్కి ఉంది. ఇరమ్ దాన్ని పన్నెండింటికే చూసింది. ఎనభై తొమ్మిది.

"నాది వచ్చిందా అక్కా?"

ఆమె కంటే పదేళ్ళు పెద్ద అతను. ఆఫీసులో కూర్చున్న వాళ్ళందరూ అతనికి అక్కలూ సార్లే.

శివశంకర్ తన కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పలేదు.

"ఎక్కుతున్నదన్నా. ఇంక కాలే," అంది ఇరమ్. "కంప్యూటర్ స్లో ఉన్నది."

"కొత్తది గదా. మొన్న పూట తిరగకముందే ఇచ్చిన్రంట."

"మొన్న జల్దిగనే ఉండె. ఇప్పుడు స్లో అయింది."

అతను ఒంగి తెర వైపు చూడబోయాడు. ఇరమ్ చేయి దానంతట అదే మానిటర్ అంచు మీదికి పోయింది. తిప్పాల్సిన పని రాలేదు. జములమ్మే అతని భుజం పట్టి వెనక్కి లాగింది.

"ఆమెను పని చేసుకోనియ్. నీకు అడ్డం పడుడు అలవాటైంది." తర్వాత బయట ఉన్నవాళ్ళకు కూడా వినబడేట్టు అంది. "ఈ పిల్ల అబద్ధం చెప్పదు. మొన్న నా సంచి తనే తీపిచ్చి, అర్జీ తనే రాసింది. వచ్చుంటే నీ చేతుల పెట్టకుంటదా? స్లో ఉన్నదంటే స్లోనే ఉంటది. పాండ్రి, సోమారం మళ్ళ వద్దాం."

అరుగు మీద గొణుగుడు తగ్గింది. మంగళవారం చీటీ తీసుకున్న ఒకతను అవునన్నట్టు తలూపాడు. తువ్వాళ్ళు విదిలించి ఒక్కొక్కరే లేచారు. శంకర్ సారే ఆ మాట చెప్పి ఉంటే ఇంకో గంట కూర్చునేవాళ్ళు, నలుగురు గొంతు పెంచేవాళ్ళు. జములమ్మ చెప్పింది గనుక లేచారు.

శ్రీశైలం గడప దిగి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అక్కా, గా ఏడు దినాలు కాయితం చేతికొచ్చినంకనే గదా మొదలు?"

ఇరమ్ నోరు తెరిచింది. జవాబు బయట నుంచి జములమ్మే చెప్పింది.

"ఆ, చేతికొచ్చిననాటి నుంచే. నాకు గట్లనే అయింది గదా. నడువ్, బస్సు పోతది."

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా ఇరమ్ చూసింది. జములమ్మ ముందు నడుస్తోంది. ఎవరికో ఏదో చెబుతూ బొటనవేలు ఎత్తి చూపిస్తోంది, వేలిముద్ర ఎట్లా వేశానో చెబుతున్నట్టు. శివశంకర్ పేపరు మడిచి, తిమ్మప్పతో ఆ మామిడికాయలు బాగున్నాయని, ఒకటి కోసి ఉప్పూ కారం వెయ్యమని అన్నాడు.

తెర మీద ఒక్క గడి, అందులో పైకప్పుకు అతుక్కున్న ఒక్క గీత. ఫైలు నాలుగు వందల పద్నాలుగో పేరు దగ్గర ఉంది. వదిలేస్తే ఇంకో గంటా గంటన్నరకు అయిపోయేట్టుంది.

ఆ రోజు ఒంటిగంటకు కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇరమ్ గోడ గడియారం చూసింది, ఫైలును తనే ఆపింది.